పొటెన్‌స్టైన్: గుహ భేష్, గది దండగ

జర్మనీలో బవేరియాలోని పొటెన్‌స్టైన్‌లో మూడు రాత్రులకు 285 యూరోలని బుక్ చేసిన గది, తాళం చేతికొచ్చేసరికి 366 అయింది. దుప్పట్లకు, తువ్వాళ్లకు మనిషికి 12 చొప్పున ముగ్గురికి 36. మేం ఖాళీ చేశాక గది శుభ్రం చేసుకోవడానికి ఇంకో 45. కార్డు పనికిరాదట, నోట్లే కావాలట. ఏటీఎం ఎక్కడంటే ఇంటావిడ కొండ దిగువకి వేలు చూపించింది. పోనీ గదైనా వెచ్చగా ఉందా అంటే, అక్టోబర్ చివర్లో రాత్రి పదయ్యేసరికి హీటర్ బంద్. అమ్మ స్వెటర్ మీద నా జాకెట్ కూడా వేసుకుని పడుకుంది. పొద్దున మా ఆవిడ నాతో మాట్లాడలేదు. గది చూసిపెట్టింది నేనే మరి.

ఎర్లాంగెన్ నుంచి ప్రయాణం హాయిగా సాగింది: నూరెంబర్గ్‌లో రైలు మారి పెగ్నిట్స్, అక్కణ్ణుంచి బస్సు. బస్సు వేళలు మాత్రం ముందే చూసుకోండి.

టాయ్‌ఫెల్స్‌హోలె, అంటే దెయ్యం గుహ. లోపల ఎప్పుడూ 9 డిగ్రీలే. "మన గదికన్నా నయంరా" అంది అమ్మ. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోండి. అమ్మ ప్రతి మలుపులో ఆగింది గానీ, ఎప్పుడో అంతరించిపోయిన గుహ ఎలుగుబంటి అస్థిపంజరం దగ్గర మాత్రం కదలనంది. ఒక్కదాని ఎముకలు కావు, చాలా ఎలుగులవి ఏరి కూర్చారు. నుదురు ఎత్తుగా ఉబ్బి, ముక్కు దగ్గర మెట్టులా దిగిపోతుంది. వెనక పళ్లు వెడల్పుగా, నూరడానికే పుట్టినట్టున్నాయి. ఎక్కువగా ఆకూ అలమే తినేదట. "ఇన్ని కోరలు పెట్టుకుని గడ్డి తినేదా!" అని అమ్మ నోరెళ్లబెట్టింది.

ఈ చుట్టుపక్కల గుహల్లో ఎముకలు కుప్పలుగా దొరకడానికి కారణం ఈ ఎలుగుల చలికాలపు నిద్రే. ఒంట్లో కొవ్వు చాలక ముసలివీ పిల్లలూ నిద్రలోనే పోయేవి. అలా వేల ఏళ్లు. బుర్గ్‌గైలెన్‌రోయిట్ దగ్గరి గుహలో దొరికిన ఎముకల్ని 1774లో ఎస్పర్ అనే పాస్టర్ ధ్రువపు ఎలుగువనుకున్నాడు. 1794లో రోజెన్‌ముల్లర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త అక్కడి పుర్రె చూసి, ఇది వేరే జాతని ఉర్సస్ స్పెలేయస్, అంటే గుహ ఎలుగు, అని పేరు పెట్టాడు. ఆ గుహలోకి మాత్రం జనాన్ని రానివ్వరు, ఊరికే తిరక్కండి.

శాకాహారులకో మాట. ఇక్కడి బంగాళాదుంప ముద్దలు, క్లోస్, బాగుంటాయి. పైన పోసే పులుసు మాత్రం మాంసం వేపిన రసం. ముందే అడిగి పుట్టగొడుగులది పోయించుకోండి. అమ్మ అదీ వద్దని కందిపొడి కలుపుకుంది.

చివరి రాత్రి హీటర్ ఆగిపోగానే చీకట్లోంచి అమ్మ గొంతు: "ఒరేయ్, ఆ ఎలుగులూ ఇట్లాంటి గదిలోనే దిగుంటాయి."