జనాభా లెక్కల పరిభాషకు ఆధార గ్రంథాలు: గజపతి జిల్లా నుంచి ఒక వాడుకరి సమీక్ష

ఒడిశాలో ఆంధ్రప్రదేశ్ సరిహద్దున, గజపతి జిల్లాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాల తరఫున పాఠశాలల కోసం, తెలుగులో ప్రభుత్వ ప్రకటనల కోసం అర్జీలు రాసేవారికి అంకెలు సమకూర్చి ఇవ్వడం చాలా ఏళ్లుగా నా పని. ఈ పనిలో నేను నిత్యం తిరగేసేవి గజపతి జిల్లా 2011 సెన్సస్ హ్యాండ్‌బుక్, దానితోపాటు వాడుకోవలసిన భాషా పట్టికలు, ఐక్యరాజ్యసమితి పూనికతో వెలువడిన బహుభాషా జనాభాశాస్త్ర నిఘంటువు, జనగణన ఎలా జరగాలో చెప్పే ఐక్యరాజ్యసమితి సిఫార్సుల సంపుటి. సరిహద్దు జిల్లాలో పనిచేసేవారికి ఇవి ఎంతవరకు అక్కరకొస్తాయో చెప్పడానికే ఈ సమీక్ష.

అన్నిటికన్నా ముందు చేతికి తీసుకోవలసింది హ్యాండ్‌బుక్. 1951 జనగణన నుంచి జిల్లాకొకటి చొప్పున వస్తున్న ఈ పుస్తకాలు 2011లో రెండు భాగాలుగా వచ్చాయి. మొదటి భాగం ఊరూరా బడి, ఆసుపత్రి, తాగునీరు, రోడ్డు ఉన్నాయో లేదో చెబుతుంది. రెండోది జనాభా, అక్షరాస్యులు, శ్రామికుల సంఖ్యలను ఊరివారీగా ఇస్తుంది. దీని గొప్పతనమంతా అంకెకూ దాని నిర్వచనానికీ మధ్య దూరం లేకపోవడమే. ఒకే వంట మీద కలిసి బతికేవారే ఒక కుటుంబమని, ఏడాదిలో ఆరు నెలలు లేదా అంతకు మించి పని చేసినవారే ప్రధాన శ్రామికులని, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వచ్చిన 7 ఏళ్లు నిండిన వ్యక్తే అక్షరాస్యుడని ముందు పుటల్లోనే ఉంటుంది. జిల్లా అక్షరాస్యత 53.49 శాతమని చెప్పినప్పుడు 0 నుంచి 6 ఏళ్ల పిల్లలను హారంలోంచి తీసివేశారని తెలియాలి. అక్షరాస్యుల సంఖ్యను మొత్తం జనాభాతో భాగించి, శాతం పడిపోయిందని వాపోయిన నివేదికలు నా చేతికి వచ్చాయి. 7 ఏళ్ల నియమం 1991లో మొదలైంది కనుక, 1981 అంకెతో నేరుగా పోల్చడమూ సరికాదు.

ఊరి పేరు ఒక్కటే చూసి అంకె తీసుకోవడం మాత్రం ప్రమాదం. గజపతి జిల్లాలోనే రాయగడ అనే బ్లాకు ఉంది. పక్కనే రాయగడ పేరుతో ఏకంగా ఒక జిల్లా ఉంది. అందుకే ప్రతి గ్రామానికీ ఇచ్చిన ఆరంకెల స్థానసంకేతాన్నే నమ్ముతాను, అర్జీలో కూడా ఊరి పేరు పక్కన దాన్నే రాయిస్తాను.

ఇక ఈ పుస్తకాలతో పనిచేయడంలో అసలు కష్టమంతా భాషా పట్టికల దగ్గరుంది. 2018లో విడుదలైన సి-16 పట్టిక మాతృభాషలవారీగా జనాభాను ఉపజిల్లా స్థాయి వరకు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉపజిల్లా అంటే మండలం. ఒడిశాలో పోలీసు ఠాణా. పాతపట్నం మండలం లెక్క చూసినంత సులువుగా ఇవతల గోసాని బ్లాకు లెక్క చూడలేము. పట్టికలో గురండి, గారబంధ అంటూ ఠాణాల పేర్లు వస్తాయి. భాషా అల్పసంఖ్యాకులు జిల్లాలోనో, తాలూకాలోనో, పురపాలక సంఘంలోనో 15 శాతానికి తక్కువ కాకుండా ఉంటే ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు వారి భాషలో వేయాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు ప్రభుత్వం ఒప్పుకున్న రక్షణల్లో ఒకటి. ఠాణా మీద తీసిన శాతాన్ని తాలూకా శాతంగా చూపితే ఆ అర్జీ అక్కడే వీగిపోతుంది. అందుచేత ఏ హద్దు మీద లెక్క కట్టామో మొదటి వాక్యంలోనే చెప్పాలని నేను పట్టుబడతాను. ప్రాథమిక పాఠశాలలో మాతృభాషలో బోధన కోరడానికి తరగతికి 10 మంది లేదా బడికి 40 మంది ఆ భాష పిల్లలుండాలన్న లెక్క వేరు. దానికి జనగణన కన్నా బడి హాజరు పట్టీయే సాక్ష్యం.

మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాష అని జనగణన చెబుతుంది. ఇంటికి వచ్చిన ఎన్యూమరేటరు మనం చెప్పిందే రాసుకోవాలి. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు, కొండ మీద నుంచి వచ్చినవారితో సవర మాట్లాడే మనుషులకు ఆ ఒక్క గడి చాలదు. వారు మాట్లాడే రెండో, మూడో భాషల కోసం సి-17 పట్టిక చూడాలి. దీన్ని తెరిచేవారు చాలా తక్కువ, కాని సరిహద్దు జీవితం కనిపించేది అందులోనే.

నిఘంటువు సంగతికి వస్తే, ఇది మొదట 1958లో వచ్చింది, ఆంగ్లంలో రెండో కూర్పు 1982 నాటిది. అకారాది క్రమం ఇందులో లేదు. విషయాన్ని అధ్యాయాలుగా, సంఖ్యలున్న పేరాలుగా వివరిస్తూ పోతుంది, ఏ భాష కూర్పులోనైనా ఒక భావనకు అదే సంఖ్య ఉంటుంది. మొదట్లో చిరాకు కలిగించే ఈ ఏర్పాటు అలవాటయ్యాక ఎంతో మేలు చేస్తుంది, ఎందుకంటే మరణాల రేటు చూడబోయినవారు ఆయుర్దాయ పట్టిక కూడా చదివి బయటకు వస్తారు. అయితే భారతీయ పద్ధతి దీనిలో దొరకదు. మన జనగణనలో లింగ నిష్పత్తి అంటే 1,000 మంది పురుషులకు ఎందరు స్త్రీలు అన్న లెక్క. అంతర్జాతీయ వాడుకలో 100 మంది స్త్రీలకు ఎందరు పురుషులు అన్నది. గజపతి జిల్లాలో 2011లో పురుషులు 2,82,882, స్త్రీలు 2,94,935. మన లెక్కలో ఇది 1,043, వారి లెక్కలో సుమారు 95.9. రెండూ ఒకే వాస్తవం, కాని రెండో అంకెను మన పద్ధతిలో చదివితే జిల్లాలో ఆడవారే కరవైనట్టు కనిపిస్తుంది.

ఆ 1,043 వెనుక ఏముందో అర్థం కావడానికి సిఫార్సుల సంపుటి పనికొచ్చింది. మనిషిని ఉన్నచోట లెక్కించడమా, మామూలుగా నివసించే చోట లెక్కించడమా అన్న చర్చ అందులో విపులంగా ఉంది. మన దేశం ఈ రెంటికీ మధ్య దారి పట్టింది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్కించి, మార్చి 1 నుంచి 5 వరకు సవరించారు. ఆ లెక్కింపు కాలమంతా ఇంటికి దూరంగా ఉన్నవారిని వారు దొరికిన చోటే లెక్కలో వేశారు. వరి కోతలు ముగిసి మగవారు పనికి దూరప్రాంతాలకు తరలిపోయే కాలమది. నిష్పత్తి ఇంత ఎక్కువగా ఉండటానికి వలస కూడా ఒక కారణమై ఉండాలని నా అభిప్రాయం. ఈ సంపుటి చదవడానికి బరువే, అయినా నివాసం గురించిన భాగమొక్కటి చదివినా చాలు.

పాత లెక్కలు కావలసినవారు ఏ సంపుటి వెతకాలో ముందే తెలుసుకోవాలి. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న ఏర్పడింది కనుక 1991 వరకు వివరాలు అప్పటి గంజాం జిల్లా పుస్తకాల్లో ఉంటాయి. ఒడిశా 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది కనుక 1931 లెక్కలు మద్రాసు సంపుటాల్లో దొరుకుతాయి. యుద్ధం వల్ల 1941 పట్టికలను బాగా కుదించారు, వాటిలో ఊరి వివరాలు వెతకడం వృథా శ్రమ.

ఈ ప్రాంతంలో ఇలాంటి పని మొదలుపెట్టేవారు హ్యాండ్‌బుక్ రెండు భాగాలనూ, సి-16, సి-17 పట్టికలనూ జనగణన శాఖ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దింపుకుంటే చాలు; నిఘంటువు తరువాత చూసుకోవచ్చు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరగబోయే జనగణన పట్టికలు వెలువడిన తరువాత కూడా 2011 ప్రతులను పారేయకండి, ఠాణాల హద్దులు మారాయో లేదో పోల్చి చూడటానికి అవే ఆధారం.