నేర్పి పంపడమా, పనిలో పెట్టి నేర్పడమా?

బధిర యువతకు ఉద్యోగం దొరకడమే కష్టం. బధిరతతో పాటు ఆటిజమో, మేధో వైకల్యమో, చూపు లోపమో కూడా ఉంటే, ఏ పని దొరుకుతుందన్నదాని కంటే ఆ పని నేర్పేదెవరు, ఎలా అన్నదే పెద్ద చిక్కుగా మారుతుంది. ఇలాంటివారు ఎక్కడో ఒకరిద్దరే ఉంటారనుకుంటే పొరపాటు. అమెరికాలోని గాలడెట్ విశ్వవిద్యాలయం జరిపిన సర్వేల్లో, బధిర విద్యార్థుల్లో దాదాపు 40 శాతం మందికి మరో వైకల్యమో అభ్యసన ఇబ్బందో ఉన్నట్టు తేలుతూ వచ్చింది.

వీరి ముందున్న దారులు ప్రధానంగా మూడు. వికలాంగులంతా విడిగా ఒకచోట చేరి పనిచేసే ప్రత్యేక వర్క్‌షాపు ఒకటి. శిక్షణ కేంద్రంలో కొన్నాళ్లు తయారుచేసి, ఆ తర్వాత ఉద్యోగానికి పంపడం రెండోది. ముందే అసలు ఉద్యోగంలో చేర్చి, పక్కన జాబ్ కోచ్‌ను ఉంచి అక్కడే నేర్పడం మూడోది.

వర్క్‌షాపు గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 27వ అధికరణం అందరితో సమానంగా పనిచేసే హక్కునిచ్చింది. విడిగా కూర్చోబెట్టి పని చేయించడం ఆ హక్కును అమలుచేసినట్టు కాదని, ఆ ఒప్పందం అమలును పర్యవేక్షించే కమిటీ 2022లో తేల్చి చెప్పింది. అయినా తల్లిదండ్రులు అటు మొగ్గుతారు. భద్రత ఒక కారణమైతే, తమ పిల్లలతో సంజ్ఞా భాషలో మాట్లాడే నలుగురు అక్కడ ఉండటం మరో కారణం. ఈ రెండో కారణాన్ని తీసిపారేయలేం.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. శిక్షణ కేంద్రంలో హడావిడి ఉండదు, బోధించేవారికి సంజ్ఞా భాష వస్తుంది, తప్పు చేసినా ఎవరికీ నష్టం లేదు. కానీ ఆటిజం, మేధో వైకల్యం ఉన్న చాలామందికి ఒకచోట నేర్చింది మరోచోట అక్కరకు రాదు. కేంద్రంలో బల్ల మీద తువ్వాళ్లు చక్కగా మడతపెట్టిన యువకుడు ఆసుపత్రి లాండ్రీలో నిలబడితే బల్ల ఎత్తు వేరు, దుప్పట్ల కొలత వేరు. ఆరబెట్టే యంత్రం పని ముగించి మోగుతుంది, అది అతనికి వినబడదు. కేంద్రంలోనైతే ఎవరో ఒకరు భుజం తట్టి చెప్పేవారు. దీనికి తోడు ‘ఇంకా సిద్ధం కాలేదు’ అనే మాట ఒకటి. ఆ ఒక్క మాటతో ఏళ్లు గడిచిపోతాయి.

మూడో దారికి చరిత్ర ఉంది. తీవ్ర మేధో వైకల్యం ఉన్నవారికి సైకిల్ బ్రేకుల బిగింపు నేర్పవచ్చని 1970లలో అమెరికాలో మార్క్ గోల్డ్ నిరూపించారు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పడమే ఆయన పద్ధతి. 1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్ అనే కార్యక్రమం, వైకల్యమున్న యువతను ఆసుపత్రిలోనే ఉంచి, వేర్వేరు విభాగాల్లో పని నేర్పించే ఏర్పాటు చేసింది.

నా ఓటు ఈ మూడో దారికే. అయితే ఈ పద్ధతి ఎక్కువగా వినగలిగేవారిని దృష్టిలో పెట్టుకుని రూపొందింది. కోచ్ మడత చూపిస్తూనే ‘ఈ అంచు ఇటు, ఆ అంచు అటు’ అని నోటితో చెప్పగలడు. బధిర యువతి కోచ్ చేతులనైనా చూడాలి, దుప్పటినైనా చూడాలి. పైగా దుప్పటి పట్టుకున్న చేతులతో కోచ్ సంజ్ఞలు చేయలేడు. అందుకే ముందు చెప్పాలి, ఆగాలి, చేసి చూపాలి, ఆమె తలెత్తేదాకా వేచి ఉండాలి, అప్పుడే మళ్లీ చెప్పాలి. దీనికి సమయం ఎక్కువ పడుతుంది. కోచ్‌కు కేటాయించే గంటల కోటా మాత్రం అందరికీ ఒకటే అంటే, నేర్పడం పూర్తికాకముందే కోచ్ వెళ్లిపోతాడు. తర్వాత ‘ఆమెకు పని రాలేదు’ అని నివేదిక రాస్తారు.

మరి కోచ్ ఎవరై ఉండాలి? పని బాగా తెలిసి పక్కన దుభాషిని పెట్టుకున్నవాడా, పని కొంత తక్కువ తెలిసినా సంజ్ఞా భాష వచ్చినవాడా? రెండోవాడే మేలు, బధిరుడే అయితే మరీ మేలు. బధిర పిల్లల్లో 90 శాతానికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. చాలా ఇళ్లలో సంజ్ఞా భాష ఆలస్యంగా వస్తుంది, కొన్నింట్లో రానే రాదు. ఇంట్లో పుట్టిన సైగలు, బొమ్మలు, ఫోనులోని ఫొటోలు కలిపి మాట్లాడే యువకుడికి ప్రామాణిక సంజ్ఞా భాషలో ధారాళంగా అనువదించే దుభాషి వల్ల ఒరిగేది తక్కువ. జీతం, సెలవులు, ఫిర్యాదుల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం దుభాషి ఉండి తీరాలి. ఆ పని కోచ్ నెత్తిన రుద్దకూడదు.

అషర్ సిండ్రోమ్ ఉన్నవారి సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. బధిరతతో పాటు రేచీకటి మొదలై, క్రమంగా సొరంగంలోంచి చూసినట్టు చూపు కుంచించుకుపోతుంది. వీరికి దగ్గరగా నిలబడి చేతులు చాచి చెబితే సగం కనిపించదు. కాస్త దూరంగా, ఛాతీ ఎత్తులో, చిన్నగా సంజ్ఞలు చేయాలి. చేతుల రంగుకు భిన్నంగా కనిపించే సాదా చొక్కా వేసుకోవాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడకూడదు. చీకటి పడ్డాక ముగిసే షిఫ్టును ఒప్పుకోకపోవడమే మంచిది.

రెండో దారి గెలిచే సందర్భాలూ ఉన్నాయి. ఇంకా భాషే సరిగా అందని యువతకు ఏడాదిపాటు భాష నేర్పడం ఏ ఉద్యోగం కన్నా విలువైనది. ప్రమాదకరమైన యంత్రాలున్న పనికి కూడా ముందస్తు శిక్షణ తప్పదు. కాకపోతే కేంద్రంలో చేరేటప్పుడే బయటికి వచ్చే తేదీని రాయించుకోవాలి.

ఇక మూడో దారిలో మిగిలే లోటు ఒంటరితనం. వందమందిలో బధిరుడు తానొక్కడే అయితే భోజన విరామం పనికన్నా భారంగా ఉంటుంది. వీలైతే ఒకేచోట ఇద్దరిని చేర్చాలి. సహోద్యోగులకు అక్షరమాల సంజ్ఞలు నేర్పి సంబరపడటం నాకు దండగ అనిపిస్తుంది. ‘ఆగు’, ‘అయిపోయింది’, ‘సాయం కావాలా?’ లాంటి పది సంజ్ఞలు వస్తే రోజూ పనికొస్తాయి.

సేవా సంస్థను ఎంచుకునేటప్పుడు, మొదటి వారంలో కోచ్ ఎన్ని గంటలుంటాడని అందరూ అడుగుతారు. ఆరో నెలలో సూపర్‌వైజర్ మారితే కోచ్ మళ్లీ వస్తాడా అన్నది అడగండి. వస్తాడంటే కాగితం మీద రాయించుకోండి.