బార్బెక్యూ ట్రేలు తెప్పిస్తున్నారా? తూకం మీ కళ్ల ముందే వేయించుకోండి

డాలస్ చుట్టుపక్కల ఉండే మన వాళ్లకు ఒక హెచ్చరిక. పెరటి విందుకు బార్బెక్యూ (పొగలో మగ్గించిన మాంసం) బయటి నుంచి తెప్పించే ఆలోచన ఉంటే ఇది చదివాకే డబ్బు కట్టండి. మొన్న జులై 4న, ఇక్కడి స్వాతంత్ర్య దినోత్సవం నాడు, నాకు పన్ను కాక 484 డాలర్లు వదిలాయి. అంతకన్నా బాధ, పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని మా అత్తయ్య నోట్లో పంది మాంసం పడింది.

మా వీధి వాళ్లందరం ఏటా జులై 4న ఎవరో ఒకరి పెరట్లో కలుస్తాం. ఈసారి వంతు మాది. హాట్ డాగులు, బర్గర్లు, మొక్కజొన్న పొత్తులు గ్రిల్ మీద తాను చూసుకుంటానన్నారు మా వారు. బ్రిస్కెట్ మాత్రం మా చేతనయ్యే పని కాదు. గొడ్డు మాంసంలో అది రొమ్ము భాగం, గట్టి కండ. 225 నుంచి 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పది పన్నెండు గంటలు పొగలో మగ్గితే గాని మెత్తబడదు. అందుకని అమెరికన్ ఇరుగుపొరుగుకు 8 పౌన్ల బ్రిస్కెట్, మనలో గొడ్డు మాంసం తినని వాళ్లకు 4 పౌన్ల టర్కీ కోడి మాంసం, అందరికీ బీన్స్, బంగాళాదుంప సలాడ్ ఒక దుకాణంలో చెప్పాం. బ్రిస్కెట్ పౌను 32 డాలర్లు. వెళ్లి తెచ్చుకున్నది మేమే అయినా బిల్లులో 18 శాతం సేవా రుసుము వేశారు. ఆపైన టిప్పు ఎంత ఇస్తారని తెర మీద అడిగారు.

ఇంటికొచ్చి రేకు మూత తీయగానే అనుమానం వచ్చింది. ముక్కలన్నీ ముందే కోసేసి, పైన తీపి సాసు కుమ్మరించారు. మంచి బ్రిస్కెట్ ముక్కను వేలి మీద వేలాడదీస్తే వంగాలి, తెగకూడదు. రెండు చేతులతో కాస్త లాగితే విడిపోవాలి. మాకిచ్చిన ముక్క వేలి మీద పెట్టగానే ఎండిన అట్టలా విరిగింది. కోసి ఉంచిన బ్రిస్కెట్ తొందరగా ఆరిపోతుంది. ఆ ఎండు కనిపించకుండా సాసు.

ఊరుకోలేక వంటింటి తూకం మీద పెట్టాను. సాసుతో కలిపి 4 పౌన్ల 14 ఔన్సులు, అంటే 5 పౌన్లు కూడా లేదు! ఫోను చేస్తే, “8 పౌన్లంటే వండకముందు తూకమండీ” అన్నారు. కొవ్వు చెక్కి పొగ పెట్టాక బ్రిస్కెట్ సగానికి సగం తగ్గే మాట నిజమే. ఆ తరుగు కలుపుకునే కదా పౌనుకు 32 డాలర్లు పెట్టేది! ఒకే తరుగుకు రెండుసార్లు కట్టినట్టయింది. లెక్క వేస్తే పౌను 52 డాలర్లు దాటింది.

టెక్సస్‌లో పేరున్న చోట ఇలా ఉండదు. లాక్‌హార్ట్ ఊరిని ఈ రాష్ట్ర శాసనసభే టెక్సస్ బార్బెక్యూ రాజధానిగా ప్రకటించింది. అక్కడ 1900 నాటి క్రూట్జ్ మార్కెట్, 1932 నాటి బ్లాక్స్ అనే బార్బెక్యూ దుకాణాలు ఉన్నాయి. కౌంటరు దగ్గర నిలబడితే మీరు చూస్తుండగానే కోసి, కాగితం మీద వేసి తూస్తారు. క్రూట్జ్‌లో అయితే దశాబ్దాల పాటు సాసే ఇవ్వలేదు. దాచడానికి ఏమీ లేనివాడికి సాసుతో పనేముంది? కొవ్వున్న వైపు కావాలో, కొవ్వు తక్కువ వైపు కావాలో కూడా మీరే చెప్పవచ్చు. ట్రేలో తెప్పించుకుంటే ఇవేవీ మన చేతిలో ఉండవు, మోసానికి సందు అక్కడే. కాబట్టి వండిన తరవాతి తూకమా, ముందరి తూకమా అని అడిగి రసీదు మీద రాయించుకోండి. వీలైతే కోయకుండా నిండుగా ఇమ్మనండి, తినే ముందు ఇంట్లోనే కండ పోగుకు అడ్డంగా కోసుకోవచ్చు.

ఇక బీన్స్ సంగతి. చెప్పేటప్పుడే ఫోనులో అడిగాను, ఇందులో మాంసం ఉందా అని. లేదన్నారు. అత్తయ్య రెండు చెంచాలు తిని, “ఇదేమిటమ్మా, వంకాయ తొక్కలా సాగుతోంది?” అంటూ పళ్లెం అంచున పెట్టి చూపించారు. వేలెడు బేకన్ ముక్క, అంటే పంది మాంసం. తరవాత నిలదీస్తే, “అది రుచికి వేస్తాం, మాంసం కింద లెక్క కాదు” అని జవాబు! తప్పు వాళ్లదే, కానీ నా ప్రశ్న కూడా సరిగ్గా లేదు. మాంసం ఉందా అని అడిగితే చాలదు. బేకన్ ఉందా, హామ్ ఉందా, పంది కొవ్వు ఉందా, బ్రిస్కెట్ తునకలు కలిపారా అని పేరు పెట్టి అడగాలి. ఆకుకూరే అయిన కాలర్డ్ గ్రీన్స్‌ను కూడా తరచూ పంది కాలి ఎముకతో ఉడికిస్తారు. బంగాళాదుంప సలాడ్‌లో సాధారణంగా గుడ్డు ఉంటుంది. సాసేజీల్లో గొడ్డు మాంసం, పంది మాంసం కలపడం మామూలే. టర్కీ కోసం వెళ్తే వేరే పలక, వేరే కత్తి వాడమని చెప్పండి. అడగకపోతే బ్రిస్కెట్ కోసిన చోటే కోస్తారు.

అన్నట్టు టర్కీ ట్రే గోరువెచ్చగా చేతికొచ్చింది. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే బయట గంటకు మించి ఉంచకూడదన్నది ఇక్కడి ప్రభుత్వ సూచన. మిగిలింది పారేశాం.

దుకాణం వాళ్లు 25 డాలర్ల కూపను ఇస్తామన్నారు, వద్దన్నాను. తూకం ఫొటో, రసీదు జత చేసి కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. అత్తయ్య ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్లి తలస్నానం చేసి వచ్చి, రాత్రి బాణసంచా చూడటానికి కూడా రాకుండా పెరుగన్నం తిని పడుకున్నారు. సెప్టెంబరులో లేబర్ డే విందుకు బీన్స్ నేనే వండుతున్నాను.