రెండున్నరేళ్లుగా వెళ్తున్న పూల కేఫ్: నర్సరీ ఇంటి మనిషిగా నా మాట

మాది కడియం పక్కన చిన్న నర్సరీ. పుట్టింది, పెరిగింది మొక్కల మధ్యే. అందుకే రాజమండ్రిలో పూల కేఫ్ తెరిచారని ఫ్రెండ్ చెప్పినప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. పట్టుమని పది కిలోమీటర్లు వెళ్తే హైవే పక్కనే కడియపులంక పూల మార్కెట్ ఉంది, డబ్బులిచ్చి మరీ పూల మధ్య కూర్చోవడం ఎందుకులే అనుకున్నాను. తన బలవంతం మీద వెళ్లాను. ఆ తర్వాత ఎవరి బలవంతం లేకుండానే నెలకు రెండుసార్లు వెళ్తున్నాను, రెండున్నరేళ్లుగా. ఇందులో ఒక గట్టి ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి కేఫ్ పేరు రాయడం లేదు.

మొదటి ఏడాది అది పేరుకే పూల కేఫ్. సీలింగ్ నిండా ఊదా రంగు ప్లాస్టిక్ గుత్తులు, ఒక గోడంతా ప్లాస్టిక్ గులాబీలు. ఫొటోల్లో బాగుండేవి, కాదనను. కానీ కొన్ని నెలలకే వాటి మీద దుమ్ము పేరుకుపోయి, ఫ్యాన్ వేస్తే టేబుల్ మీద రాలేది. ఒకరోజు అమ్మను తీసుకెళ్లాను. కూర్చోకముందే గోడ మీది గులాబీని వేళ్లతో నలిపి చూసి, "ఏంటే ఇది, కడియం ఇంత దగ్గర పెట్టుకుని వీళ్లకిదేం ఖర్మ" అంది. కౌంటర్ దగ్గరున్న ఓనర్ గారికి వినబడింది. ఆయన నొచ్చుకోలేదు. దగ్గరికొచ్చి, "ఏం పెట్టమంటారో మీరే చెప్పండి అమ్మగారూ" అని అడిగారు. అమ్మకు అంతకంటే ఏం కావాలి! కాఫీ చల్లారిపోయేదాకా చెబుతూనే ఉంది.

మొక్కలు తేవడం తేలికే, గదిలో పూయించడమే కష్టం. ఆయన మొదటి విడత తెచ్చిన నూరువరహాలు, కాగితం పూలు, గులాబీలు వారం తిరక్కుండానే మొగ్గలు రాల్చేశాయి. ఇవన్నీ ఎండ తినే మొక్కలు. ఏసీ గాలికి ఆకు ఎండుతుంది, వెలుతురు చాలక మొగ్గ నిలవదు. మనీ ప్లాంట్‌కి సరిపోయే మూల గులాబీకి సరిపోదు. ఇప్పుడు ప్రతి మొక్కా రెండు కుండీల లెక్కన తెచ్చుకున్నారు. ఒకటి డాబా మీద ఎండలో ఉంటే ఇంకోటి కింద హాల్లో ఉంటుంది. మూడు నాలుగు రోజులకోసారి మారుస్తారు. ఆ కుండీలు మోసే అబ్బాయిల ఓపికకు నిజంగా దణ్ణం పెట్టాలి. ఈ కేఫ్ నాకు నచ్చడానికి అసలు కారణం ఈ మార్పే. మొక్కలు మా నర్సరీవి కావు, ఆ మాట కూడా చెప్పేయడం మంచిది.

తాగేవాటిలో నేను ఎప్పుడూ తీసుకునేది శంఖుపుష్పం టీ, 150 రూపాయలు. ఎండబెట్టిన పూలను వేడినీళ్లలో వేసి గాజు కప్పులో ఇస్తారు. నీళ్లు ముదురు నీలం రంగుకు వస్తాయి. పక్కన పెట్టిన నిమ్మ చెక్క పిండగానే ఊదా రంగులోకి తిరుగుతుంది. పువ్వులోని రంగు పదార్థం పులుపు తగిలితే అలా మారుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఇందులో తేయాకు ఉండదు కాబట్టి కెఫీన్ కూడా ఉండదు, రాత్రిపూట తాగినా నిద్రకు ఇబ్బంది లేదు. రుచి మాత్రం చప్పగానే ఉంటుంది, తేనె అడిగి వేయించుకోండి.

మెనూలో హైబిస్కస్ టీ అని ఉంటే చాలామంది మన పెరటి మందారం అనుకుంటున్నారు. అమ్మ ఒక్క గుక్క తాగి "ఇది గోంగూర పులుపే" అంది. నిజమే. ఆ టీకి వాడేది ఎర్ర గోంగూర జాతి మొక్క కాయను చుట్టి ఉండే ఎర్రటి, కండగల రేకులు. రోజ్ మిల్క్ ఇక్కడ వద్దు, ఎసెన్స్ ఘాటు ఎక్కువ. రాజమండ్రి దాకా వచ్చి రోజ్ మిల్క్ తాగాలంటే పాత షాపులు ఉండనే ఉన్నాయి.

ఇక ఫిర్యాదు. పోయినేడు వేసవిలో మామిడి కేక్ తెప్పించుకున్నాను. పసుపు క్రీమ్ మీద దానికి సరిగ్గా సరిపోయే పసుపు పువ్వు, గంట ఆకారంలో. అందంగా ఉందని దగ్గరికి తీసుకుని చూస్తే తొడిమ చివర తెల్లటి పాలు కారి క్రీమ్‌కు అంటుకుని ఉన్నాయి. పచ్చ గన్నేరు! మా వైపు కంచె వెంట పెంచుతారు, శివుడికి పెడతారు. గింజలోనే కాదు, మొక్కంతా విషమే, గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తుంది. తల తిప్పి చూస్తే పక్క టేబుల్‌లో నాలుగేళ్ల పాప అదే పువ్వును చేతిలో పట్టుకుని ఉంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పరిగెత్తి లాక్కుని, వాళ్లమ్మకు చెప్పి, పాప చేతులు కడిగించాను.

కిచెన్‌లో అబ్బాయిని అడిగితే, "రంగు కలుస్తుందని వీధి చివర చెట్టు నుంచి కోశాం మేడమ్" అన్నాడు. వాడికి తెలియదు, వాడి మీద కోపం లేదు. కానీ ఓనర్ గారు "పువ్వు ఎవరూ తినరు కదండీ, పక్కన పెట్టేస్తారు" అనేసరికి చాలా బాధపడ్డాను. ప్లేట్లో పెట్టిన ప్రతిదీ తినేదే అనుకుంటారు పిల్లలు. మార్కెట్ గులాబీ రేకులు కేక్ మీద చల్లడం కూడా తప్పేనని అప్పుడే చెప్పాను. అవి దండలకు, బొకేలకు పెంచిన పూలు, వాటికి పురుగుమందు కొడతారు. తర్వాత రెండు నెలలు అటువైపు వెళ్లలేదు.

మళ్లీ వెళ్లేసరికి వంటగది వెనుక కుండీల్లో నాటు గులాబీలు, శంఖుపుష్పం తీగ కనిపించాయి. మందు కొట్టకుండా పెంచుతున్నారు, ప్లేట్ మీదికి వాటినే వాడుతున్నారు. ఆయనే పిలిచి చూపించారు. అందుకే మళ్లీ వెళ్తున్నాను. మీరు వేరే ఏ కేఫ్‌కి వెళ్లినా ప్లేట్లో పువ్వు కనిపిస్తే అదేం పువ్వో, ఎక్కడిదో అడగండి. చెప్పలేకపోతే తీసి పక్కన పెట్టి, దానికి తగిలిన ముక్క కూడా తినకండి.

ఆదివారం సాయంత్రాలు వెళ్లొద్దు. ఫొటోల కోసం వచ్చినవాళ్లు కుండీలు జరుపుతుంటే కూర్చోవడానికి చోటుండదు, మ్యూజిక్ కూడా చెవులు పగిలేలా పెడతారు. ఈ విషయం ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. ఇద్దరం కలిసి తింటే 600 దాటుతుంది, అది తక్కువేం కాదు.

నా మాట వింటే మల్లెల కాలంలో, మామూలు రోజున, సాయంత్రం ఆరింటికి వెళ్లండి. కిటికీ పక్క టేబుల్ అడగండి, అక్కడ ఏసీ గాలి తగలదు. టేబుల్ మీద గిన్నెలో పొద్దున కోసిన మల్లెమొగ్గలు ఉంటాయి. మీరు వచ్చినప్పుడు గట్టిగా, పచ్చగా కనిపిస్తాయి. టీ అయ్యేసరికి ఒక్కొక్కటే విచ్చుకుంటుంటే కాఫీ వాసనను దాటుకుని ఆ వాసన వస్తుంది. బిల్లుతో పాటు ఆ పూలను అరిటాకు ముక్కలో పొట్లం కట్టి ఇస్తారు. అమ్మ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ దారపు ఉండ ఉంటుంది. మా బస్సు వేమగిరి దాటేసరికి దండ పూర్తయిపోతుంది.