లిఫ్ట్ చేసిన పికప్‌కి పాత స్కిడ్ ప్లేటా, ఆటోనగర్‌లో చేయించుకున్నదా: ఏది మేలు?

గత మూడు నాలుగు నెలల్లో ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు పది మందికి తక్కువ ఉండరు. ఇసుజు వి-క్రాస్ పికప్ కొంటారు, బండిని ఎత్తు లేపే రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేయిస్తారు, టైర్లు మారుస్తారు. బొర్రా దగ్గర కటికి జలపాతం దారిలో మొదటిసారి ఇంజిన్ ఆయిల్ ఉండే ఛాంబర్ కింద రాయి తగిలిన చప్పుడు వినగానే గుండె జారిపోతుంది. స్కిడ్ ప్లేట్, అంటే ఇంజిన్ కింది భాగాలకి రాళ్లు తగలకుండా బిగించే దళసరి లోహపు పలక, గుర్తొచ్చేది అప్పుడే. కొత్తదాని ధర చూసి ఆలోచనలో పడతారు. ఈలోగా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఎవరో బండి అమ్మేస్తూ ప్లేట్ విప్పి విడిగా అమ్ముతున్నారని తెలుస్తుంది. అది తీసుకోవాలా, మన విశాఖ ఆటోనగర్‌లో రేకు కొని చేయించుకోవాలా? మొన్న చలికాలం ముందు నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. చివరికి హైదరాబాద్ బండి నుంచి విప్పిన పాత స్టీలు ప్లేట్ తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో, ఎవరు తీసుకోకూడదో రెండూ చెబుతాను.

ముందు చర్చ అక్కర్లేనివి పక్కన పెడదాం. కంపెనీ వేసి ఇచ్చే పల్చటి గార్డు బురదనీ చిన్న రాళ్లనీ ఆపుతుంది. అరకు దాకా తారు రోడ్డు మీద వెళ్లొచ్చేవాళ్లకి అది చాలు. మీ మోడల్‌కే తయారైన కొత్త ప్లేట్ కొనే స్తోమత ఉంటే అదే కొనండి, వాదన లేదు. ఫైబర్ ప్లేట్లు చూడ్డానికి బాగుంటాయి, రాళ్ల దారికి పనికిరావు.

ఇక స్టీలా, అల్యూమినియమా అన్నది. అందరూ బరువు గురించే మాట్లాడతారు కాబట్టి లెక్క వేసి చూద్దాం. బండి ముందు భాగం ప్లేట్ సుమారు 80 సెంటీమీటర్లకి 70 సెంటీమీటర్లు అనుకోండి. 3 మిల్లీమీటర్ల స్టీలైతే 13 కిలోలు. అంత దెబ్బకి ఆగాలంటే అల్యూమినియం మందంగా ఉండాలి. 6 మిల్లీమీటర్లదైతే 9 కిలోలు. తేడా నాలుగు కిలోలు. వెనక తొట్టిలో టెంటు, నీళ్ల క్యాన్లు, స్టవ్వు వేసుకుని లంబసింగి వెళ్లే బండికి ఈ నాలుగు కిలోలు లెక్కలోకి రావు. 4 మిల్లీమీటర్ల స్టీలు మాత్రం పదిహేడున్నర కిలోలు తూగుతుంది. ముందు స్ప్రింగులు పాతబడిన బండికి అంత మందం అక్కర్లేదు.

బరువు కంటే రాయి మీద ఏది ఎలా నడుచుకుంటుందో చూడాలి. అల్యూమినియం మెత్తన. రాతి మొన దాన్ని చెక్కుకుంటూ అందులోకి దిగుతుంది, బండి అక్కడ పట్టేస్తుంది. స్టీలు గీత పడి జారిపోతుంది. స్టీలు వంగితే సుత్తితో, గ్యాస్ మంటతో మళ్లీ దారికి తేవచ్చు. అల్యూమినియం పగిలితే టిగ్ వెల్డింగ్ కావాలి, అది అందరికీ వచ్చే పని కాదు. ఈ విషయంలో విశాఖ వాళ్లం అదృష్టవంతులం. షిప్‌యార్డ్ పుణ్యమా అని సింధియా, మల్కాపురం వైపు ఓడల పని తెలిసిన చేతులున్నాయి. అయినా పాత ప్లేట్ 6061-టి6 రకమైతే అతికిన చోట బలం బాగా తగ్గుతుంది. ఓడల పనికి వాడే 5083 రకంలో ఆ బాధ తక్కువ. అమ్మేవాళ్లలో ఏ రకమో తెలిసి చెప్పేవాళ్లు అరుదు.

"అల్యూమినియం తుప్పు పట్టదు కదా, సముద్రం పక్కన అదే మంచిది కదా" అని చాలామంది అంటారు. సగమే నిజం. ఎర్ర తుప్పు పట్టదు. కానీ ఉప్పు తేమలో అల్యూమినియాన్ని ఇనప బోల్టుకి ఆనించి పెడితే ఆ రెండింటి మధ్య చిన్న బ్యాటరీ లాంటిది తయారవుతుంది. కరిగిపోయేది అల్యూమినియమే. బోల్టు కన్నం చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే ఇంకా మంచిదనుకుంటారు గానీ ఇక్కడ అది ఇంకా ఎక్కువ తినేస్తుంది. మధ్యలో నైలాన్ వాషర్లు వేసి, బోల్టుకి గ్రీజు పూసి బిగించాలి, ఏడాదికోసారి విప్పి చూడాలి. భీమిలి ఇసుకలో బండి దింపే అలవాటున్నవాళ్లు ఈ శ్రమ ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇవన్నీ సరే. నన్నడిగితే అసలు తేల్చేది బిగింపు. రాయి తగిలినప్పుడు రెండు టన్నుల బండి దెబ్బంతా ఆరేడు బోల్టుల మీదుగానే ఛాసిస్‌లోకి పోతుంది. ఎంత మందం ప్లేటైనా ఆ బోల్టులు సరిగా పట్టకపోతే కింద వేలాడే ఇనుమే. లిఫ్ట్ చేసిన బండిలో సరిగ్గా అక్కడే తేడా వస్తుంది. దీని గురించి మాత్రం ఎవరూ అడగరు.

ఎలాగంటే, ఒట్టి స్ప్రింగులతో రెండంగుళాలు లేపితే ఛాసిస్ పైకి లేస్తుంది, దాంతోపాటే ఇంజిన్, గేర్‌బాక్స్, ముందు డిఫరెన్షియల్ (ముందు చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టె) అన్నీ లేస్తాయి. ప్లేట్ బోల్టు కన్నాలు కూడా ఛాసిస్‌వే. వీటి మధ్య దూరాలు మారవు. కాబట్టి లిఫ్ట్ లేని బండి నుంచి విప్పిన ప్లేట్ ఉన్నదున్నట్టు మీ బండికి పడుతుంది. కానీ లేపాక దాని నుంచి చక్రాలకి వెళ్లే డ్రైవ్ షాఫ్టులు ఏటవాలుగా దిగుతాయి, వాటి చివర ఉండే సీవీ జాయింట్లని కప్పే రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. అందుకని చాలామంది డిఫ్ డ్రాప్ కిట్ వేయిస్తారు. అంటే స్పేసర్లు పెట్టి డిఫరెన్షియల్‌ని ఒక 25 మిల్లీమీటర్లు కిందికి దించుతారు. ఇక అది ప్లేట్‌కి వేలు దూరనంత దగ్గరవుతుంది. మామూలు రోడ్డు మీద క్యాబిన్‌లోకి ఒకటే హోరు వస్తుంది, రాయి తగిలితే ప్లేట్ వంగి నేరుగా డిఫ్ హౌసింగ్‌నే గుద్దుతుంది. కాపాడాల్సిన ప్లేటే సుత్తిలా పనిచేస్తుంది.

అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది, "డిఫ్ దించారా?" అని. సగం మందికి తెలియదు. పిట్‌లోకి దిగి, డిఫరెన్షియల్ పట్టుకున్న బ్రాకెట్‌కీ ఛాసిస్‌కీ మధ్య గుండ్రటి స్పేసర్ ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

దించిన బండికి పాత ప్లేట్ వేయాలంటే దాన్నీ అంతే కిందికి దించాలి. రెండేళ్ల కిందట నా మొదటి ప్లేట్‌కి ఒక షెడ్డులో ఈ పని చేయించాను. ఒక్కో కన్నం దగ్గర ఏడెనిమిది వాషర్లు దొంతరగా పేర్చి, పాత బోల్టులే వేసి బిగించారు. నేనూ కింద దూరి చూసుకోలేదు. అనంతగిరి ఘాట్ దిగుతుంటే ముందు రెండు బోల్టులు ఊడిపోయాయి. నాలుగు మరలే పట్టి ఉన్నాయని తర్వాత తెలిసింది. ప్లేట్ ముందు అంచు రోడ్డుకి గీసుకుంటూ నిప్పురవ్వలు. ఆ అంచు ఏ గోతిలోనో గుచ్చుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమే. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. కట్టుతీగతో ప్లేట్‌ని పైకి కట్టి, శృంగవరపుకోట దాకా నడిచినంత వేగంతో వచ్చాం.

సరైన పద్ధతి ఇది. వాషర్ల దొంతర ఒకదాని మీద ఒకటి జరుగుతుంది, అది వద్దు. దళసరి గోడ ఉన్న గొట్టాన్ని లేత్ మీద సమంగా కోయించి, అన్ని కన్నాలకీ ఒకే ఎత్తు స్పేసర్ పెట్టాలి. 25 మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే బోల్టు కూడా 25 మిల్లీమీటర్లు పొడవు పెరగాలి, తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 అంకె ఉండాలి. ముందు వరసకే స్పేసర్లు పెట్టి వెనక వదిలేస్తే ప్లేట్ ఏటవాలై కన్నాలు కలవవు. అప్పుడు గ్రైండర్ తీస్తారు, అక్కణ్ణుంచి పని పాడవుతుంది. ఇంకో మాట: రెండంగుళాల లిఫ్ట్‌తో ఛాసిస్ కింద సంపాదించుకున్న 50 మిల్లీమీటర్లలో ఆ చోట సగం ఇలా తిరిగిచ్చేస్తున్నారు. ఇది నచ్చకపోతే డిఫ్ డ్రాప్ తీసేయించి, బూట్లు తరచూ చూసుకోవడం ఇంకో దారి. నేను ఇప్పుడు అదే చేశాను.

పాత ప్లేట్ చూసేటప్పుడు గీతలు, సొట్టలు చూసి భయపడొద్దు, అవి దాని ఉద్యోగం. చూడాల్సినవి బోల్టు కన్నాలు. ఈసారి నాకు మొదట ఒక స్నేహితుడు ఇవ్వబోయిన ప్లేట్ కొత్తగా నల్ల రంగు వేసి మెరిసిపోతోంది. ఆటోనగర్‌లో నా బండి చూసే పెద్దాయన వేలు పెట్టి చూసి, "బాబూ, రేకు మంచిదే గానీ కంతలు సాగిపోనాయి. దెబ్బలు తిని తిని కదిలీసింది" అన్నారు. గుండ్రటి కన్నం కోడిగుడ్డులా అయిందంటే బోల్టు ఎన్నాళ్లో వదులుగా ఉందని అర్థం. అది వదిలేశాను. తర్వాత ప్లేట్ తిరగేసి పై వైపు చూడండి. తడి మట్టి నిలిచేది అక్కడే, తుప్పు తినేది అక్కడే. ఈ కారణంగానే నేను సముద్రం పక్క ఊళ్ల ప్లేట్లు చూడ్డం మానేసి హైదరాబాద్‌ది తీసుకున్నాను. మడతల దగ్గర వెంట్రుక లాంటి పగులుందేమో చూడాలి. బ్రాకెట్లన్నీ ఇస్తున్నారా అని అడగాలి. అవి లేకపోతే సగం ధరకి ఇచ్చినా వద్దు. 2.5 లీటర్ల ఇంజిన్ బండిదా, 1.9 దా అన్నది కూడా అడగండి. డ్రెయిన్ బోల్టు కన్నం సరైన చోట లేకపోతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ ప్లేట్ మొత్తం విప్పాలి. బంపరు ముందుకొచ్చే గొట్టాల గార్డుతో కలిపి అమ్మే సెట్లు మాత్రం వద్దు. అలాంటి బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి చెప్పింది.

ఆటోనగర్‌లో చేయించుకోవడం గురించి. దానికో పెద్ద బలం ఉంది: మీ బండి ఇప్పుడున్న ఎత్తులో, దించిన డిఫ్‌తో సహా కొలిచి చేస్తారు. స్పేసర్ల బాధే ఉండదు. నాలుగంగుళాలు లేపి క్రాస్ మెంబర్ (ఛాసిస్ రెండు పక్కలనీ కలిపే అడ్డ పట్టీ) కూడా దించిన బండికి ఇదొక్కటే దారి, పాత ప్లేట్ల జోలికి పోవద్దు. ఇనుము ఊరి ఫ్యాక్టరీది కదా చవకగా వస్తుందనుకోకండి. మన స్టీల్ ప్లాంట్ చేసేది కడ్డీలు, తీగ, యాంగిల్స్, ఛానెల్స్ లాంటివి. ప్లేట్ బయటి నుంచే వస్తుంది.

చేయించేటప్పుడు రెండు పట్టుబట్టండి. ముందు అట్టముక్కతో నమూనా కోయించి బండి కింద పెట్టి చూడాలి. మడతలు ప్రెస్ మీద వంచాలి. వీ ఆకారంలో కోసి, వంచి, వెల్డింగ్ పెట్టిన మడత మొదటి పెద్ద రాయికే విచ్చుకుంటుంది. ఛాసిస్‌కి కొత్త కన్నం వేస్తామన్నా, బ్రాకెట్ వెల్డ్ చేస్తామన్నా ఒప్పుకోకండి. కంపెనీ ఇచ్చిన కన్నాలతోనే పని జరగాలి. ఇలా నిలబడి చేయించుకునే ఓపిక ఉన్నవాళ్లకి ఇది మంచి ఎంపికే. నాకు కష్టమనిపించింది మొదటి ప్లేట్ ఎప్పుడూ ప్రయోగమే కావడం. ఒకచోట గాలి ఆడక వేడెక్కుతుంది, ఒకచోట ఫిల్టర్‌కి చెయ్యి పట్టదు. వేరే బండి మీద వేల కిలోమీటర్లు తిరిగొచ్చిన ప్లేట్‌లో ఆ తప్పులు ఎవరో ముందే పడి సరిదిద్దుకున్నారు. అందుకే, డిఫ్ దించని రెండంగుళాల లిఫ్ట్ బండికి నా ఓటు బ్రాకెట్లతో సహా వచ్చే పాత స్టీలు ప్లేట్‌కే.

బిగించే రోజు పొద్దున్నే వెళ్లండి, పని సాయంత్రం దాకా లాగుతుంది. మాకు ఎక్కువ సమయం పట్టింది ఛాసిస్‌లో ఉండే నట్ల దగ్గర. గాలిలో ఉప్పుకి వాటి మరలు మూసుకుపోయాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాం, పొద్దున మరలు కోసే ట్యాప్ తిప్పి మరలు శుభ్రం చేశాకే బోల్టు వేశాం. అలా చేయకుండా బోల్టులు బిగించే గన్‌తో ఎక్కించేస్తే లోపలి నట్టు ఊడి తిరిగిపోతుంది, ఛాసిస్ కోస్తే తప్ప బాగవదు. ప్లేట్‌ని ముందే గీకించి, ప్రైమర్ వేసి, రెండు వైపులా రంగు కొట్టించాను. బోల్టులన్నీ చేత్తో సగం ఎక్కించి, ప్లేట్ సర్దుకున్నాక అన్నిటినీ ఒక్కో వంతుగా బిగించారు. ప్రతి బోల్టు తల మీంచి ప్లేట్ మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీయించుకున్నాను. గీత విరిగిందంటే బోల్టు కదిలిందని పడుకుని చూసినా తెలుస్తుంది.

మొదటి వారం తర్వాత ఒకసారి స్పానర్ పెట్టి చూశాం, రెండు బోల్టులు పావు వంతు తిరిగాయి. వాటికి కొత్త గీతలు గీసి మళ్లీ కటికి వెళ్లాం. అదే రాళ్ల దారి, రెండుసార్లు గట్టిగానే తగిలింది. కింద నీళ్ల గొట్టంతో మట్టి కడిగి టార్చి వేసి చూశాను. ప్లేట్ మీద జానెడు గీత పడింది. ఆరు బోల్టుల మీదా తెల్ల గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.