తట్టు టీకా, ఫ్లూ టీకా: ఏది ఎంత కాస్తుంది?

మేడారం జాతర నుంచి వచ్చిన మూడో రోజు నాకు జ్వరం. బంగారం (అంటే మొక్కు బెల్లం) నెత్తిన పెట్టుకుని గద్దెల దగ్గర క్యూలో నిలబడ్డప్పుడు, వెనకాయన నా మెడ మీదే దగ్గాడు. ఫ్లూ టీకా నెల ముందే వేయించుకున్నా. హన్మకొండలో మా పక్కింటి అక్క ఒకటే మాట: "సూది దండగైంది కదా తమ్మీ."

దండగేం కాదు. ఫ్లూ వైరస్ రూపం మారుస్తూనే ఉంటుంది. టీకా దానికి బాగా సరిపోయిన ఏడాది కూడా డాక్టరు దగ్గరకు పరుగెత్తించే జబ్బు 40 నుంచి 60 శాతమే తగ్గుతుంది. పైగా ఏటా వేయించుకోవాలి. వచ్చినా ఆస్పత్రి పాలయ్యే ముప్పు తగ్గుతుంది, నాకు అది చాలు.

తట్టు టీకా అలా కాదు. రెండు డోసులు పడితే దాదాపు 97 శాతం కాపు, చాలామందికి జీవితాంతం. అయితే తట్టు మహా గడుసుది. రోగి వెళ్లిపోయాక కూడా గదిలో గాలిలో రెండు గంటల దాకా ఉంటుంది. సబ్బుతో చేతులు కడిగితే ఫ్లూకి కొంత అడ్డం, తట్టుకు అంతగా కాదు.

బడిలో 100 మంది పిల్లలకు తట్టు సోకే అవకాశం వచ్చిందనుకోండి. 95 మందికి టీకా ఉంది. వాళ్లలో ఓ ముగ్గురికి రావచ్చు. టీకా లేని అయిదుగురిలో నలుగురైదుగురికి వస్తుంది. "టీకా వేసినోళ్లకూ ముగ్గురికి వచ్చింది" అని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం ఆ ముగ్గురి సంగతే.