ఆటిజం పిల్లల మెదడు పరిశోధన: ఎమ్మారై మేలా, ఈఈజీ మేలా?

విజయనగరంలో నా దగ్గరకు మాటల శిక్షణకు వచ్చే పిల్లల తల్లులు ఈ మధ్య పదే పదే అడుగుతున్నారు: "మేడమ్, పరిశోధన కోసం బాబుకు మెదడు పరీక్ష చేస్తామంటున్నారు. ఎమ్మారైకి ఒప్పుకోమంటారా, ఈఈజీకా?" ఈ రెండింటిలో దేనితోనూ ఆటిజం నిర్ధారణ కాదని వాళ్లకు తెలుసు. బిడ్డను ఏది తక్కువ కష్టపెడుతుందన్నదే వాళ్ల బెంగ.

ఎమ్మారై మెదడు లోపలి భాగాలను మిల్లీమీటర్ల లెక్కన చూపిస్తుంది. తలకు టోపీ పెట్టి మెదడులోని విద్యుత్ సంకేతాలను గీతలుగా చూపే ఈఈజీకి అంత లోతు అందదు. అయితే ఒక పిలుపు చెవిన పడ్డాక మెదడు ఎంతసేపటికి స్పందించిందో మిల్లీసెకన్లలో చెబుతుంది.

నేను మాత్రం చూసేది కదలికనే. ఎమ్మారై గొట్టంలో మోత 100 డెసిబెల్స్ దాటుతుంది. అందులో తల కదపకుండా పడుకోవాలి. కాస్త కదిలినా మెదడు భాగాల మధ్య సంబంధాలు తప్పుగా కనిపిస్తాయని 2012లోనే పరిశోధకులు తేల్చారు. అందుకే కదిలిన పిల్లల స్కాన్లను పక్కన పెట్టేస్తారు. చివరికి చెప్పిన మాట విని కదలకుండా పడుకోగలిగినవాళ్లే లెక్కలో మిగులుతారు. మాటలు రాని మన పిల్లలు, ఎవరి గురించి అందరికన్నా ఎక్కువ తెలియాలో వాళ్లే, ఆ లెక్కలోకి రారు. నా బాధంతా ఇదే.

నా దగ్గరకు వచ్చే ఆరేళ్ల బాబు మిక్సీ వేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పరుగెత్తుతాడు. ఈఈజీకి ముందు వాళ్లమ్మ పది రోజులపాటు ఇంట్లో స్నానపు టోపీ పెట్టి అలవాటు చేసింది. మొదటి రోజు ఐదు లెక్కపెట్టేలోపే పీకేశాడు. పరీక్ష రోజున ఆమె ఒళ్లో కూర్చుని, బొమ్మ లారీ చక్రం తిప్పుకుంటూ ఇరవై నిమిషాలు టోపీ ఉంచుకున్నాడు. ముందు రోజు తలంటి, తర్వాత నూనె రాయకుండా తీసుకెళ్లండి. జిడ్డు ఉంటే టోపీలోని ఎలక్ట్రోడ్లు (సంకేతాలను పట్టే చిన్న బిళ్లలు) సరిగా పనిచేయవు. తలకు తడి జెల్ తగిలితే ఓర్వలేని పిల్లలూ ఉన్నారు. కదిలితే, కళ్లార్పితే ఈఈజీ గీతలూ చెడతాయి. కానీ చెడిన ముక్కలు తీసేసి మిగతావి వాడుకోవచ్చు.

కాబట్టి నా ఓటు ఈఈజీకే. స్కాన్ తీయని నమూనా యంత్రంలో ముందుగా సాధన చేయించినా, రాత్రి సహజంగా నిద్రపోయాక స్కాన్ తీసినా ఎమ్మారైకి వెళ్లవచ్చు. పరిశోధన కోసమే మత్తు ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. మూర్ఛ వంటి కారణంతో డాక్టరు వైద్యానికి రాసే ఎమ్మారై వేరు, దాన్ని దీనితో కలపవద్దు.

ఇక మిగతా పరీక్షలు: మెదడులో రక్తప్రసరణను కాంతితో చూసే ఎఫ్‌నిర్స్‌లో శబ్దం ఉండదు గానీ దట్టమైన నల్ల జుట్టు దానికి అడ్డం. మెదడు అయస్కాంత సంకేతాలను కొలిచే ఎంఈజీ యంత్రం దేశంలోనే అరుదు. పెట్ స్కాన్‌లో రేడియోధార్మిక మందు ఎక్కించాలి కనుక దాని జోలికి వెళ్లను.

ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా అడగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మాటలు రాని బిడ్డ టోపీ పీకి విసిరేస్తే దాన్ని 'వద్దు' అన్నట్టే తీసుకుని అక్కడితో ఆపుతారా అని, సంతకం చేసే ముందే అడగండి.